చేపల సంగతి నాకొదిలెయ్

ఆగస్టు 4

అక్కకు,

నీ ఉత్తరం మొన్న అందింది. ఫోన్‌ చేద్దామనుకున్నాను. మీ కాంటీన్ ఫ్యాన్ల హోరులో నా మాట సగమే నీ చెవిన పడుతుంది, మిగతా సగం నీ ఇష్టమొచ్చినట్టు కల్పించుకుంటావు. ఎందుకొచ్చిన గొడవని కాగితం తీశాను.

మా శిక్షణ కేంద్రంలో ఈ ఏడాది 'స్వయం ఉపాధి' అని కొత్త కోర్సు పెట్టారు. చదువు పూర్తయ్యాక పిల్లలు ఉద్యోగాల కోసం కాళ్లరిగేలా తిరగకుండా సొంతంగా ఏదో ఒక చిన్న వ్యాపారం పెట్టుకునేలా తయారు చెయ్యాలట. పుస్తకంలోంచి చెబితే చాలదు. ఒక వ్యాపారాన్ని నిజంగా నడిపిస్తూ నేర్పాలి. వర్క్‌షాపు వెనక రెండు సిమెంటు తొట్లు వాడకం లేకుండా పడున్నాయి కాబట్టి చేపలు పెంచుదామని ప్రిన్సిపాల్‌ గారి నిర్ణయం. నన్ను పిలిచి, "చేపలకు నీళ్లు కావాలి, నీళ్లకు పైపులు కావాలి, పైపులకు మీరున్నారు కదా మాస్టారూ" అన్నారు. అంతటితో అయిపోయింది.

ఇన్నేళ్లూ పైపులు బిగించడం నేర్పినవాణ్ణి. వ్యాపారమంటే నాకేం తెలుసు? ఇంట్లో పాత పేపర్లు అమ్మేటప్పుడు కూడా నీ మరదలే బేరమాడుతుంది, నేను లోపలికి వెళ్లిపోతాను.

క్లాసులో ఉన్నవాళ్లు వేరే కోర్సుల్లో సీటు దొరక్క వచ్చినవాళ్లు. ఒకబ్బాయి ప్రతి మాటకూ ఎదురు వాదిస్తాడు, వాడికి 'లాయరు' అని పేరు పెట్టారు. ఇంకొకావిడ అందరికన్నా పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి. ఆవిణ్ణి అందరూ 'వదిన' అంటారు. నేనూ అలాగే పిలవడానికి అలవాటు పడ్డాను. మిగతావాళ్లు గడియారం చూస్తూ కూర్చుంటారు. నిజం చెప్పాలంటే నేనూ అంతే.

ఒళ్లు అలిసిపోలేదక్కా, మనసే. ఈ వయసులో మళ్లీ మొదటి పాఠం నుంచి అంటే ఓపిక రావడం లేదు.

నీ తమ్ముడు


ఆగస్టు 13

ఒరేయ్ పైపుల మాస్టారూ,

నీ ఏడుపు చదివాను. మధ్యాహ్నం భోజనాలు అయిపోయి, గిన్నెలు కడిగేవాళ్లు వచ్చేలోపు దొరికే కాస్త సందులో రాస్తున్నాను కాబట్టి నూనె మరకలుంటే ఏమీ అనుకోకు.

వ్యాపారం రాదంటావేమిట్రా? మీ బావ పోయాక ఈ కాంటీన్ కౌంటర్లో కూర్చున్న రోజున నాకు మాత్రం ఏం వచ్చు? రోగుల బంధువులు వస్తారు. వాళ్లకు ఆకలి ఉంటుంది కానీ తినాలని ఉండదు. వాళ్ల చేత నాలుగు ముద్దలు తినిపించడం నా వ్యాపారం. అది ఏ పుస్తకంలో ఉంది చెప్పు. నిలబడితే అదే వస్తుంది.

చేపల విషయంలో కంగారు పడకు. ముందు అవి బతికి బట్టకట్టనీ. తర్వాత అమ్మడమూ అదీ ఎలాగా అని ఇప్పటి నుంచే మంచం పట్టకు. చేపల సంగతి నాకొదిలెయ్.

మోకాళ్లు బాగానే ఉన్నాయి. అడక్కపోయినా చెబుతున్నాను, ఎలాగూ నువ్వడగవు కదా.

మీ అక్క


సెప్టెంబరు 20

అక్కకు,

చేపపిల్లలు వచ్చాయి. చిటికెన వేలంత ఉన్నాయి. నీ ఉత్తరం వచ్చాక నాకు పెద్ద బరువు దిగింది, అందుకు ముందు నీకు దండం.

రెండు తొట్లూ శుభ్రం చేసి, పైపుల పని నేనే దగ్గరుండి చేయించాను. తొట్టిలో నీళ్లు మురికవగానే పారబోసి కొత్త నీళ్లు పట్టే పని లేకుండా ఒక ఏర్పాటు చేశాం. చేపల నీళ్లు పక్కనున్న కంకర మడిలోకి వెళతాయి. అందులో ఆకుకూరలు వేశాం. చేపల మురికి మొక్కలకు ఎరువవుతుంది. కంకరలోంచి వడిసిన నీళ్లు మళ్లీ తొట్టిలోకి వస్తాయి. మేత కొంత కొంటున్నాం, కొంత నీళ్ల మీద పెరిగే అజొల్లా అనే నాచు. దాన్ని ట్రేలలో మేమే పెంచుతున్నాం. గాలి పంపు ఒకటి రాత్రింబవళ్లు బుడగలు వదులుతూ ఉంటుంది. ఒక్కో తొట్టిలో ఎన్ని చేపలకు ఊపిరాడుతుందో అన్నే వెయ్యాలని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను.

అసలు సంగతి ఇది. మొదటి రోజునే లాయరు లేచి, "మాస్టారూ, పెంచుతాం సరే, కొనేదెవరు?" అన్నాడు. నేను నీ ఉత్తరం గురించి చెప్పాను. పెద్ద ఆసుపత్రి కాంటీన్ మా అక్కదే, మొత్తం సరుకు తీసుకుంటుందని చెప్పాను. అంతవరకూ గడియారం చూస్తున్నవాళ్లు నా మొహం చూశారక్కా. ఇప్పుడు నిన్ను 'అక్కగారు' అంటున్నారు. అక్కగారికి ఏ సైజు కావాలి, అక్కగారు వారానికి ఎన్నిసార్లు తీసుకుంటారు, ఇదే గోల.

వదిన మాత్రం ఈ గోలలో కలవలేదు. క్లాసయ్యాక ఆగి, "ఒక్కరే కొంటారా మాస్టారూ?" అంది. ఒక్కరు చాలు కదమ్మా అన్నాను.

నీ మరదలు నా చొక్కా వాసన చూసి మంచం ఆ చివరకు జరుగుతోంది.

నీ తమ్ముడు


అక్టోబరు 9

తమ్ముడూ,

నీ ఉత్తరానికి వెంటనే రాయలేదు. ఇక్కడ మార్పులు జరుగుతున్నాయి.

ఈ నెల నుంచి కాంటీన్‌లో కొత్త ఏర్పాటు. ఇక నేను తెల్లవారకముందే లేచి పాల క్యాన్లు దించుకోనక్కర్లేదు, పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. సూపరింటెండెంటు గారు గదికి పిలిచారు. ఇన్నేళ్లు మా రోగులను మీ ఇంటివాళ్లలా చూసుకున్నారని నలుగురి ముందూ అన్నారు. డాక్టర్లు చప్పట్లు కొట్టారు. గిన్నెలు కడిగే అమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చింది.

అంతకన్నా రాయబుద్ధి కావడం లేదు. నీకు అర్థమవుతుందిలే.

చేపలు పెరుగుతున్నాయన్నమాట. మంచిది.

మీ అక్క


అక్టోబరు 16

అక్కకు,

అర్థమవకపోవడమేమిటి? ఉత్తరం చదవగానే నీ మరదలికి వినిపించాను. "వదినగారికి ఇప్పటికైనా కుర్చీ దొరికింది" అంది. నిజమే కదా. ఇన్నేళ్లూ నిలబడ్డావు. ఇక కూర్చుని అజమాయిషీ చెయ్యి. పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు వేరే ఉంటారు. నాకెంత సంతోషంగా ఉందో రాయలేను.

క్లాసులోనూ చెప్పాను. కొత్త ఏర్పాటంటే కాంటీన్ పెద్దదైందని అర్థం, కాబట్టి సరుకు పెంచాలని లాయరు లేచాడు. ఇంకొన్ని చేపల్ని, కాస్త పెరిగినవాటినే కొని మొదటి తొట్టిలో వేద్దామన్నాడు. తొట్టికి సరిపోవని నేనే బోర్డు మీద రాశాను కదా. వాడు వాదించాడు. ఇప్పుడు గిరాకీ ఉంది, గిరాకీ ఉన్నప్పుడు వెనక్కి తగ్గేవాడు వ్యాపారం ఎలా చేస్తాడు, మీరే చెప్పారు కదా అన్నాడు. ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు, చెప్పే ఉంటాను. వాదించే ఓపిక లేక ఒప్పుకున్నాను. ఒక్క మొదటి తొట్టిలోనే వేశాం. రెండోదాని జోలికి వెళ్లనివ్వకుండా వదిన అడ్డం నిలబడింది.

కొత్త కుర్చీలో జాగ్రత్తగా కూర్చో. నీకలవాటు లేదు.

నీ తమ్ముడు


నవంబరు 2

తమ్ముడూ,

అభినందనలు అందాయి. నా కుర్చీ సంగతి వదిలెయ్.

చేపలు ఎక్కువ వెయ్యకు. వేసి ఉంటే తీసెయ్. ఎవరో కొంటారని ఎక్కువ పెంచకు.

ఆసుపత్రి హాల్లో కూర్చుని రాస్తున్నాను. ఎవరో పిలుస్తున్నారు. ఉంటాను.

అక్క


డిసెంబరు 11

అక్కకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయకపోవడానికి కారణం కోపమేనని ఒప్పుకుంటాను. నీకు పని ఎక్కువే కావచ్చు, పిలిచేవాళ్లు ఎక్కువే కావచ్చు. అయినా తమ్ముడికి నాలుగు ముక్కలు రాయడానికి తీరిక లేనంత పెద్దదానివయ్యావా అనిపించింది.

నువ్వన్నది నిజమే అయింది. పోయిన ఆదివారం కరెంటు పోయింది. కేంద్రానికి సెలవు. కాపలాదారు గేటు దగ్గరున్నాడు, తొట్లు వెనకున్నాయి. పంపు ఆగింది. వదిన తన పిల్లలకు చేపల్ని చూపిద్దామని మధ్యాహ్నం వచ్చింది కాబట్టి తెలిసింది. మొదటి తొట్టిలో చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉన్నాయట. ఆవిడ చీర కొంగు దోపుకుని బకెట్‌తో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ నిలబడింది, గాలి తగులుతుందని. వాళ్ల పిల్లలు మగ్గులతో పోశారు. నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి అందరూ తడిసి ఉన్నారు. తొట్టి తెల్లగా ఉంది. అన్నీ వెల్లకిలా తిరిగి తేలుతున్నాయి.

రెండో తొట్టిలో ఒక్కటీ పోలేదు. అదే నీళ్లు, అదే పంపు, అదే ఎండ. అక్కడ చేపలు తక్కువ, అంతే తేడా.

సోమవారం అందరం కలిసి చచ్చినవాటిని ఎత్తి చెట్ల పాదుల్లో పూడ్చాం. లాయరు రాలేదు. బుధవారం వచ్చాడు. "నాదే తప్పు మాస్టారూ" అన్నాడు. నేను ఒప్పుకున్నాను కదరా, నాదీ తప్పే అన్నాను. వాడు దానికి వాదించలేదు. వాడు వాదించకపోతే నాకు భయమేసింది.

ప్రిన్సిపాల్‌ గారు వచ్చి చూసి, ఈ కోర్సు గురించి ఆలోచించాలన్నారు.

ఉన్న తొట్టి అయినా సవ్యంగా అమ్ముడుపోతే పిల్లలకు ధైర్యం వస్తుంది. నువ్వు తేదీ రాయలేదు, ఎన్ని కావాలో రాయలేదు. అందుకని వచ్చే మంగళవారం వదిననీ లాయరునీ నీ దగ్గరికి పంపుతున్నాను. మూత ఉన్న క్యానులో కొన్ని చేపల్ని బతికుండగానే తెస్తారు. చూసి, నీకు నచ్చిందో లేదో వాళ్లతోనే చెప్పు. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, వాళ్లకు కాస్త టీ ఇప్పించు.

తమ్ముడు


డిసెంబరు 18

అక్కా,

పిల్లలు వెళ్లొచ్చారు.

కాంటీన్ కౌంటర్లో ఎవరో కుర్రాడు ఉన్నాడట, ఒకేలాంటి టోపీలు పెట్టుకున్న మనుషులున్నారట. అక్కగారు కావాలంటే ఏ అక్కగారని అడిగాడట. వదిన నీ పోలికలు చెప్పింది. "ఓ, ఆవిడా, ఆవిడ కాంట్రాక్టు రద్దయి మూడో నెల" అన్నాడట. చేపల గురించి అడిగితే, మాకు గడ్డ కట్టించినవి పెట్టెల్లో వస్తాయి, ఇలా నీళ్లలో ఈదేవి మాకెందుకన్నాడట. ఎవరూ టీ ఇవ్వలేదు.

నేను నీ అక్టోబరు ఉత్తరం తీసి మళ్లీ చదివాను. అంతా అందులోనే ఉంది. గిన్నెలు కడిగే అమ్మాయి ఎందుకు ఏడుస్తుంది? నాకెందుకు తట్టలేదు? నాకు కావలసింది చదువుకున్నాను. దాని మీద కుర్చీ అన్నాను, అజమాయిషీ అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పిల్లల సంగతి కూడా రాయాలి. తిరిగి వచ్చేటప్పుడు క్యానును బస్‌స్టాండు బెంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నారట. లోపల చేప తోక కొట్టిన చప్పుడుకు పక్కావిడ ఉలిక్కిపడింది. ఏమిటని అడిగింది. వదిన మూత తీసి చూపించింది. ఆవిడ రెండు కావాలంది. లాయరు, "ఇవి అమ్మడానికి కాదండీ, నమూనా" అని చెప్పబోతే వదిన వాడి కాలు తొక్కింది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు వచ్చారు. ఏం మేత వేస్తారు, ఏ నీళ్లలో పెంచుతారు అని అడిగారట. లాయరు కంకర మడి దగ్గర నుంచి అజొల్లా దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. బస్సు వచ్చేసరికి క్యానులో నీళ్లే మిగిలాయి.

వాళ్లు సంతోషంగా చెబుతుంటే నాకు వినపడుతోంది కానీ ఎక్కడం లేదు. పొద్దున్నుంచీ నువ్వెక్కడున్నావో అన్నదే ఆలోచన. ఆసుపత్రి హాల్లో కూర్చుని రాస్తున్నానన్నావు. అక్కడేం చేస్తున్నావు? ఒంట్లో బాగాలేదా?

ఇక్కడికి రా అక్కా. గది ఉంది. మా పిల్లలకు అమ్మకాల గురించి నువ్వు పాఠం చెబుదువు గానీ. లేదా నన్ను రమ్మను, వస్తాను.

నీ తమ్ముడు


జనవరి 5

ఒరేయ్ తమ్ముడూ,

నీ పిల్లలకు టీ ఇవ్వలేకపోయానని బాధగా ఉంది. ముందు అది రాయనీ.

నాకు జబ్బేమీ లేదు. ఇన్నేళ్ల అలవాటు, చీకటితోనే మెలకువ వస్తుంది. స్నానం చేసి, చీర కట్టుకుని, తాళం వేసి బయటికొస్తే కాళ్లు వాటంతటవే ఆసుపత్రికి తీసుకెళతాయి. వెళ్లాక కాంటీన్ వైపు వెళ్లలేను. అందుకని బయటి రోగులు కూర్చునే హాల్లో బెంచీ మీద కూర్చునేదాన్ని. అక్కడ అందరూ దేనికోసమో ఎదురుచూస్తుంటారు కాబట్టి నన్నెవరూ అడగరు. ఒకరోజు ఒక నర్సమ్మ నా చేతిలో చీటీ పెట్టి, "మీ నంబరు పిలిచినప్పుడు రండి" అంది. పిలిచారు. నీకు ఉత్తరం రాస్తున్నాను అప్పుడే. లేచి డాక్టరు గదిలోకి వెళ్లాను కూడా. ఏమిటి బాధ అని అడిగాడు. చెప్పడానికి ఏమీ దొరకలేదు. మోకాళ్లని చెప్పాను. మాత్రలిచ్చాడు.

నీ అభినందనలు చదివి ముందు వెటకారం అనుకున్నాను. రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. తర్వాత నా తమ్ముడికి అంత తెలివి లేదని గుర్తొచ్చింది. అప్పుడు కాదని రాయడానికి చెయ్యి రాలేదు. నీకు బరువు దిగిందన్నావు కదా, మళ్లీ ఎత్తడమెందుకని.

ఇంకో మాట. చేపల సంగతి నాకొదిలెయ్ అన్నాను, నిజమే. నీ చిన్నప్పుడు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు పరీక్షల సంగతి నాకొదిలెయ్ అని కూడా అన్నాను. ఆ పరీక్షలు నేను రాశానట్రా? నువ్వు నిద్రపోవాలని అన్న మాట అది. దాన్ని క్లాసుకు వినిపిస్తావని నేనేం కలగన్నానా? అయినా నా నోటి మాటకు అన్ని ప్రాణులు పోయాయంటే అన్నం దిగడం లేదు.

మీ వదిన మొదట్లోనే మంచి ప్రశ్న వేసింది, ఒక్కరే కొంటారా అని. నాకూ ఎవరైనా ఆ ప్రశ్న వేసి ఉంటే బాగుండేది. ఒక్క ఆసుపత్రినే నమ్ముకుని కూర్చున్నాను కదా. బస్‌స్టాండులో కాలు తొక్కిన చోటే ఆవిడ నేర్చుకోవలసింది నేర్చేసుకుంది. నేను వచ్చి చెప్పే పాఠం ఏమీ లేదు.

రమ్మన్నావు. రాను. పాఠానికీ రాను, ఊరికే కూర్చోవడానికీ రాను. కోపంతో కాదు. ఎవరికో ఒకరికి పనికొస్తేనే నేను మనిషినని ఇన్నాళ్లూ బతికాను. కొన్నాళ్లు ఎవరికీ పనికిరాకుండా ఉండి చూస్తాను. మొన్న మొదటిసారి ఎండ కిటికీలోకి వచ్చేదాకా పడుకున్నాను. మరీ ఘోరంగా ఏమీ లేదు.

నా మరదల్ని అడిగానని చెప్పు.

అక్క


మార్చి 8

అక్కకు,

నిన్ను మళ్లీ రమ్మని అడగను. జరిగింది చెబుతాను, అంతే.

కోర్సు ఎత్తేశారు. వచ్చే ఏడాది ఉండదు. తొట్లు పగలగొట్టి అక్కడ బళ్లు పెట్టుకునే షెడ్డు వేస్తారట. కాగితం నా బల్ల మీద పెట్టి, "మీకూ శ్రమ తగ్గుతుంది మాస్టారూ" అన్నారు ప్రిన్సిపాల్‌ గారు. శ్రమ తగ్గడం నిజమే. మళ్లీ పైపులే చెప్పుకుంటాను.

వదిన, లాయరు కలిసి పాత ప్లాస్టిక్ డ్రమ్ములు నాలుగు సంపాదించారు. వదిన వాళ్ల ఇంటి వెనక జాగాలో పెట్టారు. పైపులు బిగించడానికి రెండు ఆదివారాలు వెళ్లాను. ఒక్కో డ్రమ్ములో ఎన్ని వెయ్యాలన్న దగ్గర లాయరు వాదించాడు, ఇంకా తగ్గించాలని. కరెంటు పోతే నడిచేలా బ్యాటరీ పంపు ఒకటి వాడే వెతికి తెచ్చాడు. పెద్ద వ్యాపారమేమీ కాదు. ఆ వీధిలో ఏడెనిమిది ఇళ్లవాళ్లు ముందు రోజు చెబితే, మర్నాడు పట్టి ఇస్తారు. మిగతా విద్యార్థుల్లో ఒకరిద్దరు ఆకుకూరల మడి తీసుకున్నారు. తక్కినవాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. నేర్పానని అనుకోవడానికి అంతకన్నా లేదు.

నిన్న చివరి తొట్టి ఖాళీ చేశాం. చిన్నవాటిని డ్రమ్ములకు పంపి, పెద్దవాటిని కేంద్రం గేటు దగ్గరే అమ్మారు. వరసలో చివరగా ప్రిన్సిపాల్‌ గారు కూడా సంచీ పట్టుకుని వచ్చారు. "మన కేంద్రం చేపలే కదమ్మా, కాస్త చూసి ఇవ్వు" అన్నారు.

వదిన తలెత్తలేదు. త్రాసు సరిచేస్తూ, "అందరికీ ఒకటే ధర సార్. మీకు తగ్గిస్తే పొద్దున కొన్న పెద్దావిడ రేపు నన్నడుగుతుంది" అంది.

ఆయన నా వైపు చూశారు. నేను పైపుల వైపు చూశాను. ఆయన డబ్బు తీసిచ్చి సంచీ పట్టారు. "కడిగి ఇస్తారా?" అని అడిగారు. కడిగితే వేరే ధరని లాయరు వివరంగా చెప్పాడు.

ఇంటికొచ్చి నీ మరదలికి చెబితే చాలాసేపు నవ్వింది. నాకు నవ్వు రాలేదు కానీ ఆకలి వేసింది. చాలా రోజులైంది అలా వేసి. తినేసి పడుకున్నాను.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? చూశావా, ఈసారి అడిగాను.

నీ తమ్ముడు


మార్చి 15

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కడిగితే వేరే ధరా? ఆ లాయరు బాగుపడతాడు.

మోకాళ్లు అలాగే ఉన్నాయి. హాలుకు వెళ్లడం మానేశాను. గిన్నెలు కడిగే అమ్మాయి అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటోంది. కొత్తవాళ్ల దగ్గర నచ్చక అదీ మానేసిందట. ఇద్దరం ఏమీ చెయ్యకుండా కూర్చుంటున్నాం. తను నాకన్నా బాగా కూర్చుంటుంది.

ఒక మాట అడగాలని వారం రోజుల నుంచి అనుకుంటున్నాను. రాసి రెండు కాగితాలు చింపేశాను. నిన్నెప్పుడూ ఏదీ అడిగిన అలవాటు లేదు కదా, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. వంటింట్లో కుళాయి కారుతోంది. కింద గిన్నె పెట్టాను. నిండుతుంది, పారబోస్తాను, మళ్లీ పెడతాను. వీధి చివర్లో మనిషి ఉన్నాడు, పిలిస్తే వస్తాడు. పిలవలేదు.

నువ్వొచ్చి చూడు. తొందరేం లేదు, నీకు వీలు చిక్కినప్పుడే. కానీ రా.

మీ అక్క